కాలు విరిగిన గుర్రం – శరీరశాస్త్రం నేర్పే పాఠం

(ద్వితీయ సంవత్సరం బి.యస్సి., జంతుశాస్త్ర విద్యార్థి)

ఎద్దుకు కాలు విరిగితే వెదురుబద్దలు పెట్టి కట్టు కడతారు. కొట్టంలో మెత్తగా గడ్డి పరిచి పడుకోబెట్టి, మేత, కుడితి అక్కడికే తెచ్చి పెడతారు. దెబ్బను బట్టి కొన్ని ఎడ్లు లేచి తిరుగుతాయి కూడాను. సేద్యపు ఇళ్లలో పుట్టిన మావంటి వాళ్లకు ఇది వింత విషయమేమీ గాదు. అదే గుర్రానికి కాలు విరిగితే మాత్రం దాన్ని కాల్చి చంపివేయడం సినిమాల్లో చూస్తాం, కథల్లో చదువుతాం. ఎందుకీ తేడా? గుర్రమంటే మనిషికి జాలి తక్కువా? లేక గుర్రపు ఎముక అతకదా?

రెండూ కాదు. గుర్రపు ఎముక కూడా మన ఎముకలాగే అతుకుతుంది. అసలు చిక్కంతా ఎముక అతికేలోపల మిగిలిన శరీరం ఏమవుతుందన్న దాంట్లో ఉన్నది. ఈ సంగతిని లోకానికి తేటతెల్లం చేసిన గుర్రం ఒకటి ఉంది. దాని పేరు బార్బారో. 2006లో అమెరికాలో కాలు విరిగిన ఆ గుర్రాన్ని బ్రతికించడానికి ఎనిమిది నెలలకు పైగా జరిగిన ప్రయత్నాన్ని ఆధారం చేసుకొని, జబ్బుపడ్డ గుర్రానికి సేవ చేయడం ఎందుకంత కష్టమో ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాను.

వేలి కొన మీద నడక

ముందుగా గుర్రపు కాలును మన చేతితో పోల్చి చూద్దాం. గుర్రం ముందుకాలికి మనం 'మోకాలు' అని పేరు పెట్టుకున్న కీలు నిజానికి మన మణికట్టు. వెనుకకాలిలో వెనక్కు పొడుచుకు వచ్చినట్లు కనిపించే కీలు మన మడమ. అక్కడి నుండి కిందికి ఉన్నదంతా మన అరచేయి లేక పాదం, ఆ కింద నడిమివేలు. డెక్క అంటే ఆ వేలి గోరు. చెరువుల్లో పెరిగే గుర్రపుడెక్క మొక్కకు ఆ పేరు దీన్ని బట్టి వచ్చినదే. దాదాపు అయిదున్నర కోట్ల సంవత్సరాల నాటి ఇయోహిప్పస్‌కు ముందుకాళ్లకు నాలుగేసి, వెనుకకాళ్లకు మూడేసి వేళ్లుండేవని పరిణామ పాఠంలో మనమంతా చదివినదే. నేటి ఈక్వస్‌కు మిగిలింది కాలికి ఒక్క వేలు. అంటే నాలుగయిదు వందల కిలోల బరువున్న జంతువు నాలుగు వేలి కొనల మీద నిలబడి ఉన్నదన్న మాట. అందులోనూ సుమారు అరవై శాతం బరువు ముందుకాళ్ల మీదనే పడుతుంది.

పరుగు కోసం ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. కాలి చివర తేలికగా ఉంటే దాన్ని త్వరగా ముందుకు విసరవచ్చు. అందుకే మోకాలి కింద కండ దాదాపు ఉండదు. ఎముక, నరం వంటి గట్టి స్నాయువులు, పైన పల్చని చర్మం, అంతే. ఈ లాభమే దెబ్బ తగిలిన నాడు నష్టంగా మారుతుంది. కండ లేదు గనుక విరిగిన ఎముకకు చుట్టూ ఆసరా ఉండదు, రక్తప్రసారమూ తక్కువే. విరిగిన ముక్క సులభంగా చర్మాన్ని చీల్చుకొని బయటకు వస్తుంది. అలా వచ్చిందా, మట్టి, పేడ తగిలి సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. పైగా దౌడు తీసేటప్పుడు ఒకొక్క క్షణంలో ఒకే కాలు నేలమీద ఉంటుంది. అప్పుడు ఆ కాలిమీద పడే బలం శరీర బరువుకు రెండింతలకు మించిపోతుంది. ఎముక పగిలితే గాజు పగిలినట్లు ముక్కలు ముక్కలు కావడానికి కారణం ఇదే.

పడుకోలేని రోగి

ఎద్దు రోజుకు పది, పన్నెండు గంటలు పడుకొనే ఉంటుంది. నెమరు వేయడం దాని స్వభావం. గుర్రం అలా గాదు. దాని కాళ్లలో కీళ్లను బిగించి ఉంచే స్నాయువుల అమరిక ఒకటుంది. దాని సాయంతో ఎక్కువ శ్రమ లేకుండా నిలబడే కునుకు తీస్తుంది. గాఢనిద్రకు మాత్రం కొద్దిసేపు పడుకుంటుంది. పెద్ద మృగం వస్తే తక్షణం పారిపోవలసిన జంతువుకు ఇది అవసరం మరి.

అటువంటి జంతువును వారాల తరబడి పడుకోబెడితే ఏమవుతుంది? దాని బరువే దానికి శత్రువవుతుంది. నేలకు ఆనిన వైపు కండరాలకు రక్తం అందక చచ్చుబడతాయి. నరాలు నలుగుతాయి. కింది వైపు ఊపిరితిత్తి అణగిపోతుంది. ఒరుసుకొని పుండ్లు పడతాయి. పోనీ, పొట్ట కింద పట్టాలు వేసి పైకి వేలాడదీస్తే? అలా చేసే ఏర్పాట్లు ఉన్నాయి గాని, ఆ పట్టాలు రొమ్మును, పొట్టను నొక్కుతాయి. చాలా గుర్రాలు భయంతో తన్నుకులాడి మరింత దెబ్బ తగిలించుకుంటాయి. కాబట్టి గుర్రానికి మంచం వైద్యం లేదు. విరిగిన కాలుతోనే నిలబడి కోలుకోవాలి.

మత్తు నుండి మేల్కొనే ఘట్టం కూడా ప్రమాదకరమే. 1975 జూలై 6న అమెరికాలోని బెల్మాంట్ పార్కులో రఫియన్ అనే పేరుగల ఆడగుర్రానికి పందెం మధ్యలో ముందు కుడికాలు విరిగింది. ఆ రాత్రే శస్త్రచికిత్స చేశారు. కాని మత్తు దిగుతుండగా అది ఇంకా పరుగెత్తుతున్నట్లే కాళ్లు కొట్టుకొని, కట్టిన కట్టును పాడు చేసుకొని, గాయాన్ని మరింత పెద్దది చేసుకుంది. మరునాటి తెల్లవారుజామున దానికి కారుణ్య మరణం కల్పించవలసి వచ్చింది. తెలివి వచ్చీరాగానే లేచి పరుగెత్తాలన్నది గుర్రపు రక్తంలో ఉన్న గుణం. ఇప్పుడు నీకు వైద్యం జరిగింది, కదలకుండా పడుకో అని దానికి ఎవరు చెప్పగలరు?

డెక్క లోపలి సంగతి

ఇక అసలైన చిక్కు డెక్కలో ఉన్నది. డెక్క గోడకు లోపల చిన్న ఎముక ఒకటి ఉంటుంది. ఆ ఎముక డెక్క అడుగున ఆనుకొని కూర్చున్నదని మనం అనుకుంటాం. కాదు. అది డెక్క గోడకు లోపలి వైపు వేలాడుతున్నట్లు అతుక్కొని ఉంటుంది. ఆ అతుకు పుస్తకపు పేజీలవంటి పల్చని పొరలతో ఏర్పడింది. ఒక్కొక్క డెక్కలో ఇటువంటి పొరలు 550 నుండి 600 వరకు, ఒక్కొక్క పొర మీద మళ్లీ 150 నుండి 200 సన్నని ఉపపొరలు ఉంటాయి. గోడవైపు పొరలు, ఎముకవైపు పొరలు ఒకదానిలో ఒకటి దూరి పట్టుకుంటాయి. రెండు చేతుల వేళ్లను ఒకదాంట్లో ఒకటి దూర్చి గట్టిగా పట్టుకున్నట్లు ఊహించుకోండి. గుర్రపు బరువంతా ఆ పట్టు మీదనే ఆధారపడి ఉన్నది.

ఈ పొరలకు వాపు వచ్చి పట్టు సడలడాన్నే లామినైటిస్ అంటారు. పట్టు సడలితే పైనుండి బరువు నొక్కుతుంది, వెనుకనుండి స్నాయువు లాగుతుంది. ఎముక డెక్కలో తిరగబడవచ్చు, లేక కిందికి దిగిపోవచ్చు. ముదిరితే డెక్క అడుగును తోసుకొని బయటకు కూడా రావచ్చు. చిటికెనవేలి గోరు లేచిపోతేనే మనం ఎంత బాధపడతామో అందరికీ తెలుసు. అటువంటి గోరు మీద నిలబడి శరీరమంతా మోయవలసిన జంతువు బాధ ఎటువంటిదో ఆలోచించండి.

లామినైటిస్‌కు దారులు ముఖ్యంగా మూడు. గింజదాణా అతిగా తిన్నప్పుడు గాని, మాయ పడక గర్భసంచిలో చీము పట్టడం వంటి తీవ్రమైన జబ్బుల్లో గాని శరీరమంతా వాపు ప్రభావం వ్యాపించి రావడం ఒకటి. ఇన్సులిన్ వంటి హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల రావడం రెండవది. ఒక కాలు విరిగి, దాని బరువు కూడా ఎదుటి మంచి కాలే మోయవలసి వచ్చినప్పుడు ఆ మంచి కాలికి రావడం మూడవది. ఈ మూడవదే మన కథకు కీలకం. గుర్రం నిలబడి ఉన్నప్పుడు కూడా ఊరికే ఉండదు. బరువును ఒక కాలి మీద నుండి మరో కాలి మీదకు మార్చుకుంటూ ఉంటుంది. బరువు ఎత్తినప్పుడల్లా పొరల్లోకి రక్తం బాగా ప్రవహిస్తుంది. బరువు ఎత్తే వీలే లేకుండా రాత్రింబగళ్లు మోస్తూ ఉంటే పొరలకు రక్తం, దానితోపాటు గ్లూకోజు అందవు. బార్బారో తర్వాతి సంవత్సరాల్లో జరిగిన పరిశోధనలు ఈ సంగతిని బలపరిచాయి.

బార్బారో: 2006 మే నుండి 2007 జనవరి వరకు

బార్బారో 2003 ఏప్రిల్ 29న పుట్టిన థరోబ్రెడ్ మగగుర్రం. 2006 మే 6న జరిగిన కెంటకీ డెర్బీ పందెంలో ఆరున్నర గుర్రాల నిడివి తేడాతో గెలిచింది. అప్పటికి అది పరుగెత్తిన ఆరు పందేల్లోనూ ఓటమి లేదు. డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ అనే మూడు పందేలు ఒకే ఏడు గెలిస్తే ట్రిపుల్ క్రౌన్ అంటారు. 1978 తర్వాత అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గౌరవం ఏ గుర్రానికీ దక్కలేదు. అందుచేత అందరి కళ్లూ బార్బారో మీదనే ఉన్నాయి.

మే 20న బాల్టిమోర్‌లోని పిమ్లికో మైదానంలో లక్షమందికి పైగా జనం చూస్తుండగా ప్రీక్‌నెస్ పందెం మొదలయింది. మొదలయిన కొద్ది క్షణాలకే బార్బారో వెనుక కుడికాలు విరిగింది. జాకీ ఎడ్గార్ ప్రాడో వెంటనే కళ్లెం బిగించి ఆపివేశాడు. ఎముక ఇరవైకి పైగా ముక్కలయింది. అయినా చర్మం చీలలేదు, డెక్కకు రక్తప్రసారం నిలిచి ఉంది. వైద్యులకు ఆశ కలిగించిన సంగతులు ఈ రెండే.

గుర్రాన్ని ఆ రాత్రే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ సెంటర్ అనే పశువైద్యశాలకు చేర్చారు. మరునాడు డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ నాయకత్వంలో అయిదు గంటలకు పైగా శస్త్రచికిత్స జరిగింది. ఉక్కు ప్లేటును ఇరవై ఏడు స్క్రూలతో బిగించి, డెక్క పైనున్న రెండు కీళ్లు ఇక వంగకుండా ఒకటిగా అతుక్కొనేట్లు చేశారు. కీలు వంగకపోతే గుర్రం పరుగెత్తలేదు, నిజమే. కాని బరువు మోయగలదు, నడవగలదు. చికిత్స లక్ష్యం పందెం గాదు, ప్రాణం.

మత్తు దిగే ఘట్టానికి వాళ్లు చేసిన ఏర్పాటు చెప్పుకోదగ్గది. గుర్రాన్ని నాలుగు కాళ్లకు తొడుగులున్న రబ్బరు తెప్పలో ఉంచి, గోరువెచ్చని నీటి తొట్టిలోకి దించారు. మేల్కొని కాళ్లు కొట్టుకున్నా నీళ్లలో దెబ్బ తగలదు. నిదానించిన తర్వాత పైనుండి ఎత్తి తన గదిలో నిలబెట్టారు. 1975లో రఫియన్‌కు దక్కని అవకాశం బార్బారోకు దక్కింది. అయినా రిచర్డ్‌సన్ తొందరపడి విజయం ప్రకటించలేదు. బ్రతుకుతుందా లేదా అన్నది సగం సగమే అని చెప్పాడు.

జూలై ఆరంభంలో విరిగిన కాలిలో సూక్ష్మజీవులు చేరినట్లు తెలిసింది. ప్లేటు, స్క్రూలు మార్చవలసి వచ్చింది. ఆ కాలి నొప్పి వల్ల బరువంతా ఎడమ వెనుక కాలి మీద పడింది. భయపడినంతా జరిగి ఎడమ డెక్కకు లామినైటిస్ వచ్చింది. జూలై 12న ఆ డెక్క గోడలో సుమారు ఎనభై శాతం తొలగించారు. డెక్క నెలకు ఒక సెంటీమీటరు వరకే పెరుగుతుంది. పైనుండి కింది దాకా కొత్త గోడ రావాలంటే నెలలు పడుతుంది.

ఆశ లేదనుకున్న గుర్రం ఆగస్టు నాటికి బయటకు నడిచి పచ్చిక మేసింది. దేశం నలుమూలల నుండి జనం దానికి ఆపిళ్లు, క్యారెట్లు, ఉత్తరాలు పంపారు. నవంబరులో కుడికాలి గట్టి కట్టు తీసివేశారు. విరిగిన కాలు అతికింది! కాని ఎడమ డెక్క సరిగా పెరగలేదు. 2007 జనవరిలో అక్కడ చెడిన భాగం మళ్లీ తొలగించారు. దాంతో కుడికాలి మీద భారం పెరిగి ఆ డెక్కలో చీము పట్టింది. జనవరి 27న ఎముకలో ఉక్కు పిన్నులు దించి బయట చట్రం కట్టి ఆ పాదం మీద భారం తగ్గించ చూశారు. ఆ వెంటనే ముందు కాళ్లు రెండింటికీ లామినైటిస్ వచ్చింది. మోయడానికి ఒక్క మంచి కాలు కూడా మిగలలేదు. 2007 జనవరి 29 ఉదయం యజమానులు, వైద్యులు కలిసి నిర్ణయం తీసుకొని దానికి కారుణ్య మరణం కల్పించారు. దెబ్బ తగిలిన నాటి నుండి ఎనిమిది నెలల తొమ్మిది రోజులు గడిచాయి.

క్రమాన్ని గమనించండి. మొదట కుడి వెనుక కాలు, దాని వల్ల ఎడమ వెనుక కాలు, దాని వల్ల తిరిగి కుడి, చివరకు ముందు రెండూ. బార్బారో మరణానికి కారణం విరిగిన ఎముక గాదు.

పొట్ట గురించి రెండు మాటలు

కాలి జబ్బుకు వైద్యం చేస్తూ పొట్టను మరిచిపోకూడదు. గుర్రం వాంతి చేసుకోలేదు. అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట కండరం అంత గట్టిది. జీర్ణాశయం కూడా శరీరంతో పోలిస్తే చిన్నది, పది, పదిహేను లీటర్లకు మించదు. ఎద్దుకు ముందు పొట్టలో జరిగే పులియబెట్టే పని గుర్రానికి వెనుక పేగుల్లో జరుగుతుంది. అక్కడి మేలు చేసే సూక్ష్మజీవులు కొన్ని యాంటీబయాటిక్ మందులకు చనిపోతే తీవ్రమైన విరేచనాలు పట్టుకుంటాయి. ఫినైల్ బ్యూటజోన్ వంటి నొప్పి మందులు హెచ్చితే జీర్ణాశయంలో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. మందు ఇవ్వకపోతే నొప్పి, నొప్పి వల్ల ఎదుటి కాలికి భారం. ఇస్తే పొట్టకు ముప్పు. వైద్యుడు ప్రతిరోజూ ఈ రెంటి మధ్య తూకం వేయవలసిందే. కదలిక లేకుండా గదిలో నిలబడ్డ గుర్రానికి పేగుల కదలిక కూడా మందగిస్తుంది, శూలనొప్పి రావచ్చు.

దగ్గరుండే మనిషి గమనించవలసినవి

పందెపు గుర్రాలు మనకు హైదరాబాదు మలక్‌పేటలో తప్ప కనబడవు గాని, పెళ్లి ఊరేగింపుల గుర్రాలు, అక్కడక్కడ బండి లాగే గుర్రాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి దగ్గర ఉండేవారికి పనికివచ్చే సంగతులు కొన్ని చెబుతాను.

1. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నాడి నిమిషానికి 28 నుండి 44, శ్వాస 8 నుండి 16, ఉష్ణోగ్రత 99 నుండి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్. నాడిని దవడ ఎముక కింది అంచున వేలితో చూడవచ్చు. నిలకడగా అరవై దాటితే వైద్యుడికి వెంటనే కబురు పెట్టాలి.

2. ముందుకాలితో నేలను గీకడం, తిరిగి తిరిగి డొక్కవైపు చూసుకోవడం, పడి దొర్లడం, లద్దె వేయకపోవడం శూలనొప్పి గుర్తులు. అప్పుడు దాణా తీసివేయాలి. వెదురు గొట్టంతో నూనె, కషాయం నోట్లో పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే పొట్ట జబ్బుకు తోడు మరో జబ్బు తెచ్చిపెట్టినట్లే.

3. డెక్క వేడిగా ఉండడం, డెక్క పైనున్న కీలు వెనుక నాడి గట్టిగా కొట్టుకోవడం, ముందుకాళ్లు చాచి బరువు వెనక్కు వేసి నిలబడడం, మలుపు తిరగడానికి జంకడం లామినైటిస్ గుర్తులు. ఒక కాలు కుంటే గుర్రం అకస్మాత్తుగా 'బాగా నడుస్తున్నది' అనిపిస్తే సంతోషపడే ముందు ఎదుటి కాలు కూడా చూడాలి. రెండు కాళ్లకూ సమానంగా నొప్పి ఉంటే కుంటు కనబడదు.

4. డెక్కలో మేకు దిగితే ధనుర్వాతం భయం ఉంది. పశువులన్నింటిలోకి గుర్రానికి ఆ జబ్బు త్వరగా సోకుతుంది. ముందుగా టీకా వేయించడం ఒక్కటే తేలికైన మార్గం.

5. మెత్తని పరుపు, శుభ్రమైన నీళ్లు, నలుసు లేని గడ్డి, తెలిసిన మనిషి గొంతు. వీటికి ఖరీదు తక్కువ, ఫలితం ఎక్కువ. భయపడ్డ గుర్రం గాయాన్ని పెంచుకుంటుంది.

ఎప్పుడు ఆపాలి?

'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేద'ని మనవాళ్ల సామెత. పనికిరాని దాని మీద ఖర్చు ఎందుకన్న వెటకారం అందులో ఉంది. బార్బారో విషయంలోనూ ఆ మాట అన్నవారున్నారు. గెలిచిన గుర్రం కనుక సంతానం ద్వారా లాభం కోసమే బ్రతికించ చూశారని వారి వాదం. థరోబ్రెడ్ జాతిలో మన ఆవులకు చేసినట్లు కృత్రిమ గర్భధారణ చేస్తే ఆ పిల్లను జాతి పట్టికలో ఎక్కించరు. మగగుర్రం తన వెనుకకాళ్ల మీద నిలబడి తీరాలి. కాబట్టి ఆ వాదంలో కొంత నిజం ఉండవచ్చు. కాని లాభం ఒక్కటే లెక్క అయితే ఎనభై శాతం డెక్క పోయిన జూలై నెలలోనే ఆ లెక్క తేలిపోయి ఉండేది.

నాకు ముఖ్యమనిపించింది మరొకటి. ఆ ఎనిమిది నెలలూ వైద్యులు ఒకే ప్రశ్నను రోజూ వేసుకున్నారు. గుర్రం తింటున్నదా? పడుకొని లేవగలుగుతున్నదా? మనిషి వస్తే చెవులు ముందుకు పెట్టి చూస్తున్నదా? జవాబు అవును అన్నంతకాలం వైద్యం సాగింది. కాదు అన్న రోజున ఆగింది. 'ఇంత ఖర్చు పెట్టాం గదా, ఇంకో నెల చూద్దాం' అని గాని, 'కాలు విరిగింది గదా, ఇక దేనికి' అని గాని అనుకోలేదు. మన దేశంలో కూడా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పదమూడవ సెక్షను, బ్రతికించి ఉంచడమే క్రూరత్వమయ్యేంతగా గాయపడిన జంతువు బాధను పశువైద్యుడి ధ్రువీకరణతో ముగించడానికి వీలు కల్పిస్తున్నది.

మన ఊళ్లలో ముసలి ఎద్దును చావు వచ్చేదాకా కొట్టంలో ఉంచి మేపేవాళ్లున్నారు, సంతకు తోలేవాళ్లున్నారు. చంపడం పాపమని మొదటివాళ్లు, మేపడం భారమని రెండవవాళ్లు అంటారు. ఇద్దరి మాటల్లోనూ మనిషి కష్టసుఖాలే ఉన్నాయి, పశువు బాధకు చోటు తక్కువ. చంపాలా, ఉంచాలా అన్న ప్రశ్నకు ముందు, ఈ జంతువుకు ఈ రోజు ఎలా ఉందన్న ప్రశ్న ఒకటి ఉంది. దానికి జవాబు చెప్పాలంటే జాలి ఒక్కటే చాలదు. దాని శరీరం ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండాలి. నాడి చూడడం రావాలి, డెక్క తాకి వేడి పోల్చుకోవడం రావాలి.

బార్బారో అస్థికలను కెంటకీలోని చర్చిల్ డౌన్స్ మైదానం వద్ద ఉంచి, 2009లో దాని విగ్రహం నిలిపారు. అంతకన్నా మేలైన స్మారకం ఏమిటంటే, దాని పేరున వచ్చిన విరాళాలు లామినైటిస్ పరిశోధనకు వెళ్లాయి. ఎదుటి కాలికి జబ్బు వచ్చిన తర్వాత వైద్యం వెతకడం గాక, గుర్రం బరువు మార్చుకొనేట్లు మొదటి రోజు నుండే చూడాలన్న ఆలోచన ఈనాడు బలపడింది. మన కళాశాల నుండి పశువైద్య విద్యకు వెళ్లాలనుకొనే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. ఈ పొరల జబ్బుకు నమ్మకమైన మందు ఇంకా ఎవరి చేతికీ రాలేదు. ఆ పని మీ కోసం మిగిలే ఉంది.